ఏసీ పనిలో వాక్యూమ్ పంప్: ఆయిల్ ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి, పంపును ఎలా చూసుకోవాలి

మే నెలలో విజయవాడలో రోజుకు నాలుగైదు ఏసీలు బిగించే కుర్రాణ్ని ఆపి, పంపులో ఆయిల్ ఎప్పుడు మార్చావని అడిగి చూడండి. "ఉంది కదన్నా, అద్దంలో కనబడుతోందిగా" అంటాడు. ఉండటం వేరు, పనికొచ్చేలా ఉండటం వేరు. ఏసీలో గ్యాస్ వదిలే ముందు పైపుల్లోని గాలిని, తేమను లాగేసేది వాక్యూమ్ పంపు. దానిలోని ఆయిల్‌ను వట్టి కందెన అనుకోవడంతోనే తప్పు మొదలవుతుంది. మోటారు, రోటరు ఎలాగో ఆయిల్ కూడా ఆ పంపులో ఒక భాగం. అది పాడైతే పంపు పాడైనట్టే.

నేను చెప్పేదంతా స్ప్లిట్ ఏసీల పనికి మనం మోసుకెళ్లే చిన్న రెండు స్టేజీల రోటరీ వేన్ పంపు గురించి. ల్యాబుల్లో, ఫ్యాక్టరీల్లో వాడే పెద్ద పంపులకూ సూత్రం ఇదే, కొలతలు మాత్రం వేరుగా ఉంటాయి.

ముందు నాకు జరిగింది చెబుతాను, ఎందుకంటే ఈ విషయం నాకు తలకెక్కింది ఆ రోజే. జూన్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌లో కొత్త ఏసీ, పైపు కాస్త పొడుగ్గా ఉంది. వాక్యూమ్ పెడితే, లోపల ఇంకా మిగిలిన పీడనాన్ని చూపే మైక్రాన్ గేజ్ 1,800 దాకా దిగి అక్కడే ఆగిపోయింది, రావాల్సింది 500 లోపుకు. లీకేజ్ అనుకున్నాం. ఇండోర్ దగ్గర పైపు జాయింట్ల ఫ్లేర్ నట్లు మళ్లీ బిగించాం, ఒక ఫ్లేర్ (పైపు విప్పారిన అంచు) కోసేసి కొత్తగా కొట్టాం, నైట్రోజన్ నింపి సబ్బు నీళ్లు పూశాం, ఎక్కడా బుడగ లేదు. రెండు గంటలు పోయాయి, ఇంటి ఆవిడ రెండోసారి మంచినీళ్లు ఇచ్చి వెళ్లింది. చివరికి మా తమ్ముడు, అంటే నా హెల్పర్, "అన్నా, పంపునే ఒకసారి చూద్దామా" అన్నాడు. హోస్‌లన్నీ పీకి, గేజ్‌ను నేరుగా పంపు మూతికి పెట్టి నడిపితే 1,700 దగ్గర ఆగింది. ఏసీ లేదు, పైపు లేదు, ఉన్నది పంపు ఒక్కటే, అయినా అంతకన్నా దిగట్లేదు. అద్దంలో చూస్తే ఆయిల్ బంగారు రంగులో చక్కగానే ఉంది. బండి పెట్టెలో ఉన్న సీసా తెచ్చి ఆయిల్ మార్చాం, అదే పంపు ఐదు నిమిషాల్లో 60కి దిగింది.

రంగు చూసి నిర్ణయించుకోవద్దని నేను అంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

ఆయిల్ లోపల చేసే పని

పంపు లోపల గుండ్రటి గది ఉంటుంది, అందులో రోటరు నడిమధ్యన కాకుండా ఒక పక్కకు జరిగి తిరుగుతుంది. రోటరు గాడుల్లో జారే రెండు పలకలే వేన్లు, అవి గది గోడను రాసుకుంటూ గాలిని ముందుకు తోస్తాయి. రోటరు గోడకు బాగా దగ్గరగా వచ్చే చోట వెంట్రుక మందం కూడా లేని సందు ఉంటుంది. ఆ సందును మూసేది ఆయిల్ పొర. వేన్ అంచును గోడకు అతికేలా చేసేదీ, బయటికి పోయిన గాలి ఎగ్జాస్ట్ వాల్వ్ దగ్గర తిరిగి రాకుండా ఆపేదీ కూడా ఆయిలే, పైగా లోపలి వేడిని బయటి బాడీకి మోసుకొచ్చేది కూడా అదే.

ఇప్పుడు ఆ ఆయిల్‌లో తేమ చేరిందనుకోండి. 30 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం దాదాపు 32 మిల్లీమీటర్ల పాదరసం, అంటే 32,000 మైక్రాన్లు. మనకు కావాల్సింది 500. పంపు వేడెక్కేకొద్దీ ఆయిల్‌లోని తేమ ఆవిరై, వాక్యూమ్ ఉన్న వైపుకే మళ్లీ వస్తూ ఉంటుంది. తాను వదిలిన ఆవిరినే తాను లాగుతూ పంపు అక్కడక్కడే తిరుగుతుంది. మీరు దాన్ని రెండు గంటలు నడిపినా కరెంటు బిల్లే మిగులుతుంది.

మైక్రాన్ లెక్క కొత్తవాళ్ల కోసం: మామూలు గాలి పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం, ఒక మిల్లీమీటర్‌ను వెయ్యి భాగాలు చేస్తే ఒక భాగం ఒక మైక్రాన్. అంటే 7,60,000 దగ్గర మొదలుపెట్టి 500 లోపుకు రావాలి. మానిఫోల్డ్ (గ్యాస్ నింపేటప్పుడు వాడే గేజ్‌ల సెట్టు) మీద ఉండే నీలం గేజ్‌తో ఇది తెలియదు. సూది 29 అంగుళాల మీద, అంటే మామూలు గాలి పీడనం కన్నా 29 అంగుళాల పాదరసం తక్కువ చూపిస్తున్నప్పుడు కూడా లోపల ఇంకా 23,000 మైక్రాన్లు మిగిలే ఉంటాయి, 23,000కీ 500కీ మధ్య ఆ సూది కదిలేది అంగుళం లోపే. "సూది మైనస్ 30కి వచ్చింది, అరగంట నడిపాం, చాలు" అనేవాళ్లు నిజానికి ఏమీ కొలవడం లేదు. మైక్రాన్ గేజ్ కొనండి. కొత్త పంపు కన్నా ముందు దానికే డబ్బు పెట్టమంటాను.

ఆర్-410ఏ, ఆర్-32 గ్యాస్‌లతో నడిచే ఏసీల్లో ఈ పట్టింపు ఎందుకంటే, వాటి కంప్రెసర్లలో ఎక్కువగా వాడే పీఓఈ అనే సింథటిక్ ఆయిల్ తేమను ఇట్టే పీల్చుకుంటుంది. పీల్చుకున్న తేమను వాక్యూమ్‌తో మళ్లీ బయటికి లాగడం చాలా కష్టం. వేడికి ఆ తేమ పీఓఈతో కలిసి యాసిడ్ తయారవుతుంది, అది కంప్రెసర్ మోటారు తీగల చుట్టను (వైండింగ్‌ను) తినేస్తుంది. ఇవాళ మీ పంపు ఆయిల్ చేసిన పాపం రెండేళ్ల తర్వాత కస్టమర్ కంప్రెసర్ మీద పడుతుంది.

పంపును ఒంటరిగా పరీక్షించడం

ఈ మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఈ పరీక్షను గుర్తుపెట్టుకోండి. పది నిమిషాల పని, వారానికి ఒకసారి, సోమవారం పొద్దున బయల్దేరే ముందు చేసేయొచ్చు.

హోస్‌లు అన్నీ తీసేయండి. మైక్రాన్ గేజ్‌ను వీలైతే నేరుగా పంపు ఇన్లెట్‌కే బిగించండి. పంపుకు రెండు మూడు ఇన్లెట్లు ఉంటే మిగతావాటికి మూతలు గట్టిగా పెట్టండి, మూతల్లో రబ్బరు వాషర్లు ఉన్నాయో లేదో చూసుకోండి, చాలాసార్లు మూత ఉంటుంది, లోపలి వాషర్ ఎక్కడో రాలిపోయి ఉంటుంది. గ్యాస్ బ్యాలస్ట్ (పంపులోకి బయటి గాలిని కొంచెం వదిలే చిన్న మర, దాని గురించి తర్వాత చెబుతాను) మూసి, పంపును పది నిమిషాలు నడపండి, చల్లటి ఆయిల్‌తో వచ్చిన అంకెను లెక్కలోకి తీసుకోవద్దు.

మంచి స్థితిలో ఉన్న రెండు స్టేజీల పంపు, కొత్త ఆయిల్‌తో 100 మైక్రాన్ల లోపుకు సులువుగా దిగాలి. చాలా పంపులు 50 లోపు కూడా వస్తాయి. ప్లేట్ మీద 15 అనో 25 అనో రాసి ఉంటే అది కచ్చితంగా రాలేదని బెంగపడకండి, అది ఫ్యాక్టరీలో అన్నీ కుదిరినప్పుడు వచ్చే అంకె. సింగిల్ స్టేజ్ పంపు అయితే ఇంత లోతుకు రాదు, దాని పుస్తకంలో ఉన్న అంకెతో పోల్చుకోండి.

ఇందులో అసలు కిటుకు, ఆయిల్ కొత్తగా పోసిన రోజే ఈ పరీక్ష చేసి, వచ్చిన అంకెను తేదీతో సహా ఒక టేపు మీద రాసి పంపుకే అంటించడం. అది మీ పంపు సంఖ్య. నా పంపుకు అది 60. తర్వాతి వారాల్లో అది 120 దాటితే ఆ రోజే ఆయిల్ మారుస్తాను. ఐదు నిమిషాల్లో 200 కిందికి రాని పంపుతో పనికి వెళ్లను. ఈ హద్దులు నేను పెట్టుకున్నవి, మీరు కాస్త అటూ ఇటూ పెట్టుకోవచ్చు, కానీ ఏదో ఒక అంకె పెట్టుకోండి.

ఆయిల్ మార్చాక కూడా అంకె దిగకపోతే అప్పుడు మిగతావి వెతకాలి: ఇన్లెట్ మూత వాషర్లు, ఓ రింగులు, బ్యాలస్ట్ పూర్తిగా మూసుకుందా లేదా అన్నది. గేజ్ సెన్సార్‌లోకి ఆయిల్ పోయి ఉంటే అది తప్పు అంకె చూపిస్తుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొన్ని చుక్కలు వేసి, మెల్లగా ఊపి వంపేసి, ఆరనివ్వండి. లోపల పుల్ల, బడ్స్ లాంటివి పెట్టి తుడవద్దు, సెన్సార్ తీగ సున్నితంగా ఉంటుంది. ఇవన్నీ బాగుండీ దిగట్లేదంటే అప్పుడు వేన్ల అరుగుదల గురించి ఆలోచించండి.

ఎప్పుడు మార్చాలి

పరీక్ష ఎలాగూ ఉంది. దానితో పనిలేకుండా, ప్రశ్నే లేకుండా మార్చేయాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి.

కంప్రెసర్ కాలిపోయిన ఏసీ మీద వాక్యూమ్ పెట్టారంటే పని అయిపోగానే, అక్కడే, పంపు వేడిగా ఉండగానే మార్చండి. రేపు కాదు, ఇంటికి వెళ్లాక కాదు. కాలిన కంప్రెసర్ నుంచి వచ్చే యాసిడ్ ఆయిల్‌లో కలిసి రాత్రంతా వేన్లను, రోటరును నానబెడుతుంది. ఒకసారి సీజన్ హడావుడిలో నేను అలాగే వదిలేశాను, పది రోజుల తర్వాత తీస్తే మోటారు హుమ్మని మూలుగుతోంది తప్ప తిరగడం లేదు. విప్పితే ఆయిల్ నల్లగా, పుల్లటి ఘాటు వాసనతో ఉంది. వేన్‌ను బొటనవేలితో నొక్కితే స్ప్రింగు మీద లోపలికి వెళ్లి టక్కున బయటికి రావాలి, అది గాడిలో బెల్లం పాకంలో ఇరుక్కున్నట్టు ఉండిపోయింది. గాడి గోడలకు గోధుమ రంగు జిగురు పట్టేసి ఉంది, గోరుతో గీకితే పొరలా లేచింది. ఒక్క సీసా ఆయిల్ మార్చనందుకు వేన్లు, స్ప్రింగులు, సీళ్లు అన్నీ మార్చాల్సి వచ్చింది.

పైపులోకి నీళ్లు వెళ్లిన కేసు కూడా అంతే. ఇల్లు కడుతున్నప్పుడు గోడలో వేసిన కాపర్ పైపు మూతి మూయకుండా వర్షాకాలం అంతా వదిలేస్తారు, తీరా ఏసీ పెట్టేనాటికి లోపల నీళ్లే ఉంటాయి. అలాంటి లైన్‌కు ఒకే పనిలో రెండు మూడుసార్లు ఆయిల్ మార్చాల్సి రావొచ్చు. మారుస్తూ పోండి, చిరాకు పడొద్దు, ఆయిల్‌లోకి వచ్చిన ప్రతి చుక్కా లైన్‌లోంచి బయటికి వచ్చినట్టే.

ఆయిల్ మజ్జిగలా తెల్లగా కనిపిస్తే నీళ్లు కలిశాయి, అప్పటికే ఆలస్యమైంది. నల్లబడితే వేడికి మాడింది లేదా యాసిడ్ తగిలింది. అద్దంలో రజను లాంటిది మెరుస్తుంటే లోపల లోహం అరుగుతోంది. కానీ తేమ కాస్తే కరిగి ఉన్నప్పుడు, గ్యాస్ కరిగి ఉన్నప్పుడు ఆయిల్ కొత్తదానిలాగే కనిపిస్తుంది, నా జూన్ కథలో జరిగింది అదే. రంగు పోతే తప్పకుండా మార్చాలి, రంగు బాగుందని మాత్రం మార్చకుండా ఉండకూడదు.

ఇక మామూలు రోజువారీ పని, అంటే పొడిగా ఉన్న కొత్త ఇన్‌స్టలేషన్లే అయితే, నేను సీజన్‌లో మూడు నాలుగు పనులకు ఒకసారి మారుస్తాను. విశాఖ, కాకినాడ వైపు సముద్రపు గాలిలో చేసేవాళ్లు, వర్షాకాలంలో చేసేవాళ్లు ఇంకా తొందరగా మార్చుకోవాలి. సీజన్ అయిపోయి పంపును పక్కన పెట్టేటప్పుడు కూడా మార్చి మరీ పెట్టండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, మురికి ఆయిల్‌తో నాలుగు నెలలు పడేసి, మార్చిలో తీసి కొత్తది పోస్తారు. తుప్పు పట్టేది ఆ నాలుగు నెలల్లోనే.

ఏ ఆయిల్ పోయాలి

సీసా మీద వాక్యూమ్ పంప్ ఆయిల్ అని ఉండాలి, పంపు పుస్తకంలో చెప్పిన గ్రేడ్ అంకె (ఆయిల్ చిక్కదనం), 46 అనో 68 అనో, దానికి సరిపోవాలి. ఈ ఆయిల్‌ను వాక్యూమ్‌లో తేలిగ్గా ఆవిరి కాకుండా శుద్ధి చేసి తయారుచేస్తారు. బండికి పోసే ఇంజిన్ ఆయిల్‌లో మడ్డిని, నీళ్లను తనలో కలుపుకునే మందులు ఉంటాయి, అవి ఇక్కడ పూర్తిగా ఎదురు తిరుగుతాయి. కుట్టు మిషన్ ఆయిల్ వద్దు. "ఇది కూడా ఏసీ ఆయిలే కదా" అని కంప్రెసర్‌లో పోసే పీఓఈ అసలే వద్దు, అది గాలిలోని తేమను లాగడంలో వీటన్నిటికన్నా ముందుంటుంది. ఆయిల్ చిన్న సీసాల్లో కొనుక్కోండి. పెద్ద డబ్బా మూత రోజూ తెరుస్తూ మూస్తూ ఉంటే చివరి లీటరు పోసేనాటికి అందులోనే తేమ ఉంటుంది.

మార్చే పద్ధతి

1. ముందు పంపును పది పదిహేను నిమిషాలు నడపండి, బ్యాలస్ట్ తెరిచి. వేడి ఆయిల్ పల్చబడి అడుగున ఉన్న మురికిని కూడా తనతో తెస్తుంది, చల్లగా దించితే సగం మడ్డి లోపలే ఉండిపోతుంది. బాడీ బాగా కాలుతుంది, చేతికి గ్లవుజులు ఉండాలి.

2. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, ఇన్లెట్ మూత తెరిచి లోపలికి గాలి వెళ్లనివ్వండి. పంపును కాస్త ఎత్తుగా, ఒక ఇటుక మీదో టూల్ బాక్స్ మీదో పెట్టి, కింద కోసిన నీళ్ల బాటిల్ పెట్టండి. బాటిల్ అడుగు తెల్లగా కనబడేదై ఉంటే మంచిది, వచ్చే ఆయిల్‌ను చూడాలి కదా.

3. పైన ఆయిల్ పోసే మూత కూడా తెరిచాకే కింద డ్రెయిన్ ప్లగ్ తీయండి, అప్పుడు ధార ఆగకుండా వస్తుంది. ధార ఆగాక పంపును డ్రెయిన్ వైపు వంచి ఒక నిమిషం అలాగే పట్టుకోండి. ఆ చివర్లో వచ్చే రెండు చెంచాల ఆయిల్‌లోనే ఎక్కువ నీరు, మడ్డి ఉంటాయి. వచ్చినదాన్ని ఒక గాజు సీసాలో పోసి గంట కదపకుండా పెడితే, నీళ్లు ఎక్కువగా ఉన్నప్పుడు అడుగున వేరుగా కనిపిస్తాయి. ఒకసారి మీ కళ్లతో చూడండి, తర్వాత ఆయిల్ మార్చమని మీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

4. ఇప్పుడు కడగడం. డ్రెయిన్ మూసి, కొత్త ఆయిల్‌ను కింది గీత దాకా పోసి, ఇన్లెట్ తెరిచే ఉంచి ఒక నిమిషం నడిపి, మళ్లీ దించేయండి. పోసింది ఎలా ఉందో దించింది కూడా అలాగే కనిపించేదాకా చేయండి, మామూలుగా ఒకసారి చాలు, కాలిన కంప్రెసర్ తర్వాత రెండు మూడు పడతాయి. ఆయిల్ వృథా అని కిరోసిన్, పెట్రోల్, థిన్నర్‌తో కడిగేవాళ్లను చూశాను. దయచేసి వద్దు. సీళ్లు ఉబ్బిపోతాయి, లోపల మిగిలిన కాస్తా ఆవిరవుతూ వాక్యూమ్ రానివ్వదు, వేడి పంపులో అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

5. డ్రెయిన్ ప్లగ్ ఓ రింగ్ చిట్లిందేమో చూసి, శుభ్రం చేసి బిగించండి. బాడీ అల్యూమినియం, మరలు మెత్తగా ఉంటాయి, బలమంతా పెట్టి బిగిస్తే మరలు ఊడిపోయి పెద్ద ఖర్చవుతుంది. ఓ రింగ్ నొక్కుకున్నాక కాస్త తిప్పితే చాలు.

6. గీతకు కొంచెం కిందుగా పోసి, ఇన్లెట్ మూసి నడపండి. నడుస్తున్నప్పుడు మట్టం మారుతుంది, ఒక నిమిషం ఆగి చూసి, అప్పుడు గీత దాకా మెల్లగా కలపండి. తక్కువైతే సందులు మూసుకోవు, ఎక్కువైతే ఎగ్జాస్ట్ నుంచి ఆయిల్ చిమ్మి కస్టమర్ గోడ పాడవుతుంది.

7. బ్యాలస్ట్ తెరిచి పది నిమిషాలు, తర్వాత మూసి పైన చెప్పిన పరీక్ష. అంకె, తేదీ టేపు మీద రాయండి.

పనిలో ఉన్నప్పుడు ఆయిల్‌ను కాపాడుకోవడం

ఆయిల్ ఎక్కువ రోజులు రావాలంటే అందులోకి పోయే చెత్తనే తగ్గించాలి. దీనికి అన్నిటికన్నా మంచి మార్గం నైట్రోజన్. లైన్ బిగించాక ముందు పొడి నైట్రోజన్‌ను పైపులోంచి ఊదేస్తే తేమలో చాలా భాగం దానితోనే పోతుంది, పంపు లాగాల్సింది కాస్తే మిగులుతుంది. ప్రెజర్ టెస్ట్ తర్వాత నైట్రోజన్ పూర్తిగా వదిలి, గేజ్ సున్నాకు వచ్చాకే పంపు కలపండి. ప్రెజర్ ఉన్న లైన్‌ను పంపుకు తెరిస్తే ఆయిల్ మొత్తం ఎగ్జాస్ట్ నుంచి ఫౌంటెన్‌లా లేస్తుంది. నైట్రోజన్ దొరకలేదని ఆక్సిజన్ సిలిండర్‌తో టెస్ట్ చేయడం మాత్రం ప్రాణాలతో చెలగాటం, ఆయిల్ మీద ఒత్తిడితో ఉన్న ఆక్సిజన్ పడితే పేలుతుంది.

పాత గ్యాస్‌ను పంపుతో లాగవద్దు. రికవరీ మెషిన్ ఉన్నది అందుకే. గ్యాస్ ఆయిల్‌లో కరిగిపోయి, పరీక్షలో అంకె దిగనివ్వదు. ఆర్-32 మంటకు కొంత అంటుకునే గ్యాస్, ఆర్-290 అయితే అది ప్రొపేనే, మామూలు స్విచ్ ఉన్న పంపులో నిప్పురవ్వ చాలు. ఆర్-290 పనికి దానికోసమే తయారైన, నిప్పురవ్వ రాని పంపు ఉండాలి.

గ్యాస్ బ్యాలస్ట్ గురించి కాస్త ఆగి చెప్పాలి, పంపు మీద ఉండే ఆ చిన్న మరను జీవితంలో ఒక్కసారి కూడా తిప్పనివాళ్లు ఎంతమందో. 1935లో జర్మన్ శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ గేడే కనిపెట్టింది అది. పంపు లోపల గాలిని నొక్కేటప్పుడు నీటి ఆవిరి నీళ్లుగా మారి ఆయిల్‌లో పడిపోతుంది. ఆ నొక్కే దశలో బయటి గాలిని కొంచెం లోపలికి వదిలితే ఎగ్జాస్ట్ వాల్వ్ ముందుగానే తెరుచుకుని, ఆవిరి నీళ్లుగా మారేలోపే బయటికి పోతుంది. పని మొదలుపెట్టేటప్పుడు బ్యాలస్ట్ తెరిచి ఉంచండి, గేజ్ 2,000 దగ్గరికి దిగాక మూసేయండి, తెరిచి ఉంటే లోతు రాదు. రోజు పనులు అయ్యాక ఇన్లెట్ మూసి, బ్యాలస్ట్ తెరిచి ఇరవై నిమిషాలు నడిపితే ఆయిల్‌లో కరిగిన తేమ చాలావరకు పోతుంది. టీ తాగే టైంలో అయిపోతుంది.

పంపు ఆపే వరస కూడా ముఖ్యం. ముందు లైన్ వైపు వాల్వ్ మూయాలి, తర్వాత స్విచ్, తర్వాత ఇన్లెట్ కాస్త వదులు చేసి పంపులోకి గాలి వెళ్లనివ్వాలి. వాల్వ్ మూయకుండా ఆపితే బయటి గాలి పంపులోంచి వాక్యూమ్ ఉన్న లైన్‌లోకి దూసుకెళుతూ ఆయిల్‌ను కూడా హోస్‌లోకి ఎత్తుకెళుతుంది. కరెంటు పోయినప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. కొన్ని పంపులకు లోపలే అడ్డు వాల్వ్ ఉంటుంది, లేనివాటికి బాల్ వాల్వ్ ఉన్న హోస్ వాడండి, పంపు నడుస్తున్నంతసేపూ ఎవరో ఒకరు పక్కనే ఉండండి. కరెంటు పోయి గదిలో ఫ్యాన్ ఆగగానే మా తమ్ముడి చెయ్యి మొదట వాల్వ్ మీదికే వెళుతుంది ఇప్పుడు.

వోల్టేజ్ తక్కువ ఉన్న ఊళ్లలో, సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరుతో మూడంతస్తులు లాగినప్పుడు, మోటారు తిరగలేక మూలుగుతుంది. వెంటనే ఆపండి, లావు వైరు వాడండి. చలికాలం పొద్దున్న ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు ఇన్లెట్ తెరిచి స్విచ్ వేసి, ఒకట్రెండు నిమిషాలు తిరిగాక మూయండి, సులువుగా లేస్తుంది.

హోస్‌ల విషయంలో ఒక్క మాట: సన్నటి పావు అంగుళం హోస్‌తో ఎంత పెద్ద పంపైనా నీరసంగానే లాగుతుంది. లావు హోస్ పెట్టి, సర్వీస్ వాల్వ్‌లోని పిన్‌ను దానికోసం ఉన్న టూల్‌తో తీసేస్తే పని సగం టైంలో అవుతుంది, అంటే ఆయిల్ వేడిలో మాడే గంటలు కూడా తగ్గుతాయి.

శబ్దం, పొగ, చుక్కలు

మొదట గలగలమని, తర్వాత లోతుకు వెళ్లేకొద్దీ నెమ్మదించడం మంచి పంపు లక్షణం. గలగల ఆగడం లేదంటే ఎక్కడో గాలి లోపలికి వస్తోంది. బాగా లోతుకు వెళ్లాక సన్నగా టక్ టక్ అని వినిపించడం చాలా పంపుల్లో మామూలే, అది ఆయిల్ తట్టుకునే శబ్దం. కరకరమంటే మాత్రం ఆపేయండి. మొదటి నిమిషంలో ఎగ్జాస్ట్ నుంచి తెల్లటి పొగలా వచ్చేది ఆయిల్ తుంపర, కాసేపటికి తగ్గుతుంది. తగ్గకపోతే మట్టం ఎక్కువైంది లేదా లీక్ ఉంది. ఆ తుంపర పీల్చొద్దు, మూసిన గదిలో పంపు పెడితే కిటికీ తెరవండి. మోటారుకూ పంపుకూ మధ్య ఆయిల్ చుక్కలు కనిపిస్తే షాఫ్ట్ సీల్ పోయింది. మోటారు తిరుగుతూ పంపు తిరగకపోతే మధ్యలో ఉన్న రబ్బరు కప్లింగ్, దాని స్క్రూ చూడండి. అసలు లేవకుండా హుమ్మంటుంటే, ఫ్యాన్ వైపు నుంచి చేత్తో తిప్పి చూసి, తేలిగ్గా తిరుగుతుంటే కెపాసిటర్ మార్చండి. ఇవన్నీ ప్లగ్ పీకాకే.

మోసుకెళ్లడం, దాచడం, పాత ఆయిల్

బండి మీద పంపును పడుకోబెట్టి తీసుకెళ్లొద్దు, నిలబెట్టే కట్టండి. ఇన్లెట్‌కూ ఎగ్జాస్ట్‌కూ మూతలు పెట్టే ఉంచండి, స్విచ్ వేసే ముందు మాత్రం ఎగ్జాస్ట్ మూత తీశారో లేదో తప్పకుండా చూసుకోండి, మూసి ఉండగా నడిపితే సీళ్లు పోతాయి. మూతలు లేకుండా రాత్రంతా డాబా మెట్ల కింద పడేసిన పంపు, ఆయిల్ నిన్ననే మార్చినా, తేమ పీలుస్తూనే ఉంటుంది.

దించిన ఆయిల్‌ను కాలవలో పోయకండి, కస్టమర్ ఇంటి మొక్కల్లో అసలే పోయకండి. వాడేసిన ఆయిల్ మన దేశంలో 2016 నాటి నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థాల కింద లెక్క. నేను ఐదు లీటర్ల డబ్బాకు పాత ఆయిల్ అని రాసి షెడ్‌లో పెట్టాను. దాన్ని కొత్త ఆయిల్ సీసాలకు దూరంగా ఇంకో మూలన ఉంచాను, హడావుడిలో తమ్ముడు ఒకటనుకుని ఇంకోటి పోయకుండా. నిండాక, వాడేసిన ఆయిల్‌ను అనుమతి ఉన్న రీసైక్లర్‌కు పంపే బండ్ల వర్క్‌షాపులో ఇచ్చేస్తాను.